ఖిల్లా మలుపులో మోగిన కడ్డీ

మా షెడ్డుకు పని నేర్చుకోవడానికి వచ్చిన వాళ్లందరికీ నేను మొదటి రోజే ఒక మాట చెప్పేవాణ్ణి. బండి కింద దూరే ముందు దాన్ని నడిపే మనిషి చెప్పేది చివరిదాకా వినండి, మధ్యలో నోరు పెట్టకండి అని. వాళ్లు సరేనని తల ఊపి, పానా పట్టుకుని వెంటనే బండి కింద దూరేవాళ్లు. ఆ మాట నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పుడు మోకాళ్లు వంగడం మానేశాయి, కంటికి ఆపరేషన్ అయింది, చేతిలో తీరిక తప్ప ఇంకేమీ మిగల్లేదు. అందుకని చెబుతున్నాను. విని సంతోషపడే సంగతి మాత్రం కాదు, ముందే అనుకోండి.

డెబ్బైలు ముగిసి ఎనభైలు మొదలవుతున్న రోజులు. వరంగల్ నుంచి ఖిల్లాకు పోయే దారిలో ఉండేది మా షెడ్డు. షెడ్డంటే నాలుగు గుంజలు, పైన రేకులు, నేలలో బండి కిందికి దిగి పని చేయడానికి తవ్విన ఒక గుంత. అదే రేకుల కింద ఒక మూల టింకరింగ్ పని నడిచేది. సొట్టలు పడ్డ మడ్‌గార్డులను సుత్తితో కొట్టి సాపు చేసే పని. పొద్దున మొదలైతే పొద్దుమూకే దాకా ఆ సుత్తి ఆగేది కాదు. కొత్తగా వచ్చిన గిరాకీలు చెవులు మూసుకుంటుంటే మేము నవ్వుకునేవాళ్లం. మాకు అలవాటైపోయిందని గొప్పగా చెప్పుకునేవాళ్లం కూడా.

షెడ్డు యజమాని, పెద్ద మెకానిక్ ఒకరే. అందరూ ఆయన్ని ఉస్తాద్ అని పిలిచేవాళ్లు. సన్నటి మనిషి. ఒంటి మీద ఎప్పుడూ ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా, బుగ్గలో పాన్. నేను ఆయన కింద పనిలో చేరి చాలా ఏళ్లైంది, ఆయన తర్వాత చేయి నాదే. ఆయన పేరు ఊరంతా మోగడానికి కారణం ఆయన చెవి. బండిలో చప్పుడు వస్తోందని ఎవరైనా తెస్తే ఉస్తాద్ లోపల కూర్చునేవాడు కాదు. ముందు మడ్‌గార్డు మీద ఒక పక్కగా కూర్చుని, ఒక చేత్తో బానెట్ అంచు పట్టుకుని, చక్రం వైపు తల వంచి, పోనియ్ అనేవాడు. బండి ఖిల్లా దాకా పోయి తిరిగి వచ్చేసరికి ఏ పార్టు పోయిందో చెప్పేసేవాడు. దారిన పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. ఆయన ఒకసారి చెవి పెట్టి మాట చెప్పాక ఆ బండి మీద ఇంకొకరు చెవి పెట్టడం మా షెడ్డులో లేదు. అది ఎవరూ రాయని రూలు.

ఇంకొక అలవాటు కూడా ఉండేది, అది మా షెడ్డుకే కాదు, ఆ రోజుల్లో అన్ని షెడ్లకూ ఉండేది. ఎంత వెతికినా చప్పుడు దొరక్కపోతే గిరాకీతో ఒకే మాట అనేవాళ్లం. బండిలో ఏం లేదు, నడిపేవాడి చేతిలో ఉంది అని. యజమానే నడుపుకునే బండైతే ఆయన ముఖం ముడుచుకుని వెళ్లిపోయేవాడు, మేము నవ్వుకునేవాళ్లం. జీతానికి నడిపే డ్రైవర్ ఉంటే ఆ మాట అతని మీద పడుతుందని మాకెప్పుడూ తోచలేదు. నోటికి అలవాటైన మాట, ఉమ్మినంత తేలిగ్గా వచ్చేది.

కొన్నాళ్లుగా ఉస్తాద్ ఒక కొత్త పద్ధతి పట్టాడు. ఇంజన్‌లో ఏదైనా తేడా ఉంటే పొడుగు స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకోవడం అందరూ చేసేదే. ఉస్తాద్ మాత్రం పిడిని పళ్లతో కరిచి పట్టుకోవడం మొదలుపెట్టాడు. కళ్లు మూసుకుని, అట్లా కరిచి పట్టుకుని, ఏ వాల్వు కొట్టుకుంటోందో చెప్పేసేవాడు. ఒక్కసారి కూడా తప్పలేదు. ఇదేదో హైదరాబాద్‌లో నేర్చుకొచ్చిన హునర్, కొత్త పనితనం అనుకున్నాం. ఇంకేముంది, షెడ్డులో ప్రతివాడూ స్క్రూడ్రైవర్ కరవడం మొదలుపెట్టాడు. నేనూ కరిచాను. గ్రీజు రుచి తప్ప నాకేమీ తెలియలేదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రావాలి. రాదు.

అట్లాంటి రోజుల్లో మిర్చి, పత్తి కమీషన్ వ్యాపారం చేసే ఒక సేటు తన ఫియట్ కారు తెచ్చాడు. మార్కెట్‌లో పెద్ద మనిషి. మరిపెడ వైపు పల్లెలన్నీ తిరిగి సరుకు చూసుకునేవాడు, అందుకని బండి వారంలో సగం రోజులు రోడ్డు మీదే ఉండేది. దాన్ని నడిపే డ్రైవర్ కొత్తవాడ అనే నేతగాళ్ల పేట మనిషి, నాకంటే కొంచెం చిన్న. నేతపని ఇంట్లో పుట్టాడు. దర్రీలు, అంటే జంపఖానాలు నేసే పని పడిపోయి మగ్గం మీద రోజు గడవక, లైసెన్సు తీసుకుని స్టీరింగ్ పట్టినవాడు. మెత్తటి చేయి. గేరు మారుస్తుంటే మారినట్టే తెలిసేది కాదు.

సేటు బండి దిగుతూనే మొదలుపెట్టాడు. "ఉస్తాద్, ముంగటికెంచి టక్కుటక్కుమని చప్పుడు. కూసుంటె తలకాయ నొస్తాంది. నాకు తెల్వకుంట పెండ్లిళ్లకు కిరాయికి తిప్పుతాండేమో వీడు. మరిపెడ తొవ్వల ఉన్న గుంతలన్ని ఎతికి ఎతికి దించుతడు."

"లేదు సేటు, పిల్లల మీద ఒట్టు. కిరాయికెందుకు తిప్పుత," అన్నాడు డ్రైవర్.

"ఉస్తాద్ చూస్తడు. పార్టు పోయిందంటె పార్టు. పార్టు మంచిగున్నదంటె ఇగ నువ్వు ఇంటికి పో."

అట్లా ఆ చప్పుడు ఒక మనిషి బతుకు మీదికి వచ్చి కూర్చుంది. షెడ్డులో అందరి ముందు అన్న మాట, అందరం విన్నాం.

డ్రైవర్ ఉస్తాద్ దగ్గరికి వచ్చి చేతులు కదిలిస్తూ చెప్పాడు. "గుంతల పడ్డప్పుడు కాదు ఉస్తాద్. మల్పుకాడ వస్తది, గది సుత తొవ్వ ఒక పక్క ఎత్తు, ఒక పక్క పల్లం ఉన్న కాడ. మగ్గం మీద నాడె ఈ పక్కకెంచి ఆ పక్కకు పోయి డబ్బకు తగుల్తది సూడు, గట్ల టక్. మల్ల అటు తిప్పితె ఇటు టక్."

దారం వేసుకుని అటూ ఇటూ పరుగెత్తే నాడె చప్పుడు కొత్తవాడలో నడిచిన వాళ్లెవరికైనా తెలుసు. ఉస్తాద్ అతని ముఖం వైపు చూస్తూ, ఆఁ ఆఁ అంటూ తల ఊపాడు. నేను పక్కనే ఉన్నాను. నా మనసు అప్పటికే షాకబ్జర్ల మీద ఉంది. మెకానిక్‌కు చప్పుడు అనగానే కిందికీ మీదికీ కొట్టుకునే పార్టులే గుర్తుకొస్తాయి. ఆ మనిషి అడ్డంగా చేయి ఊపి మరీ చూపించాడు. అది చూసి కూడా మేమెవరం చూడలేదు.

ఉస్తాద్ మడ్‌గార్డు ఎక్కాడు. బండి ఖిల్లా దాకా వెళ్లి వచ్చింది. దిగాక ఎప్పటిలా ఠకీమని పార్టు పేరు చెప్పలేదు. గుంత మీదికి ఎక్కించమన్నాడు. కిందికి దిగి ఒక్కొక్క నట్టు, ఒక్కొక్క బుష్షు చేత్తో పట్టి ఊపి చూశాడు. షాకబ్జర్లు బాగున్నాయి, స్ప్రింగులు బాగున్నాయి. ఏదీ లూజు లేదు. పైకి వచ్చి చేతులు తుడుచుకుంటూ, వందసార్లు చెప్పిన ఆ మాటే చెప్పాడు.

"సేటు, బండి మంచిగున్నది. నడిపేటోని చేతుల ఉన్నది అంతా."

బలవంతపు నవ్వు నవ్వాడు చెబుతూ. సేటు నవ్వలేదు. బండిని సర్వీసుకు వదిలి, రేపు మధ్యాహ్నం కొత్త డ్రైవర్‌తో వచ్చి తీసుకుపోతానన్నాడు. పాత డ్రైవర్ చేయి చాపి తాళంచెవి ఉస్తాద్‌కు ఇచ్చాడు. ఆ చేయి కాసేపు అట్లాగే చాపి ఉండిపోయింది.

మర్నాడు పొద్దున నేను షెడ్డు తెరిచేసరికి అతను గుంజకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"అన్నా, ఒక్కపాలి నువ్వు ఎక్కు. నేను నడుపుత. నీకు ఇనవడకపోతె నేను మల్ల ఈ దిక్కు రాను."

"ఉస్తాద్ చెప్పినంక నేనెట్ల ఎక్కుతనే. బాగుండది."

"మగ్గం గుంట పూడ్సిన అన్నా," అన్నాడు. "పోయిన ఎండకాలం. జాగ సాలక మట్టి పోసి అలికినం, గిప్పుడు ఆడ్నే పిల్లలు పంటరు. మల్ల పోయి కూసుందామంటె కూసునే జాగ లేదు. ఇంకో సేటు పెట్టుకుంటడా? కిరాయికి తిప్పుకుంటడని పేరు వెట్టినంక ఎవడు పెట్టుకుంటడు?"

రోడ్డు వైపు చూశాను. ఉస్తాద్ ఇంకా రాలేదు. సర్వీసు చేసిన బండిని ఒక చుట్టు తిప్పి చూడటం ఎట్లాగూ ఉండేదే. తాళంచెవి అతని చేతికిచ్చి మడ్‌గార్డు ఎక్కాను.

ఖిల్లా చూసినవాళ్లకు తెలుసు. రాతి దర్వాజాల మధ్య దారి తిన్నగా పోదు. ఒకసారి కుడికి తిరిగి, వెంటనే ఎడమకు తిరుగుతుంది. కింద అరిగిపోయిన బండలు, ఒక చక్రం ఎక్కితే ఇంకొకటి దిగుతుంది. తిన్నని రోడ్డు మీద బండి నోరు మూసుకుని వచ్చింది. దర్వాజాలో కుడికి తిప్పగానే నా మోకాలి కింద టక్ మంది. ఎడమకు తిప్పగానే అవతల చక్రం వైపు టక్ మంది. గోడల మధ్య అది మార్మోగింది. వెనక్కి తిప్పి మళ్లీ పొమ్మన్నాను. మళ్లీ టక్, టక్. ఈ పక్క నుంచి ఆ పక్కకు. నాడె.

"స్టెబిలైజర్," అని అరిచాను. డ్రైవర్ బండి ఆపి కిందికి దిగి నన్ను చూశాడు. అతనికి ఆ పేరు తెలీదు, నా ముఖం చూసి మాత్రం ఏదో దొరికిందని తెలుసుకున్నాడు. ఆ బండల మీద కూర్చుని ఏడ్చాడు. సంతోషంతోనే.

దాని సంగతి కొంచెం చెబుతాను, లేకపోతే మీకు తర్వాతది అర్థం కాదు. ముందు రెండు చక్రాల మధ్య అడ్డంగా ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. మలుపులో బండి ఒక పక్కకు ఒరగకుండా పట్టి ఉంచేది అదే. మీరు ఇప్పుడు స్వే బార్ అంటున్నారు, మేం స్టెబిలైజర్ రాడ్డు అనేవాళ్లం. అది రెండు రబ్బరు బుష్షుల్లో కూర్చుని, పైన క్లాంపులతో బిగించి ఉంటుంది. రెండు చక్రాలు సమంగా ఉన్నంతసేపు దానికి పనే లేదు. ఒకటి లేచి ఒకటి దిగితేనే మెలిపడుతుంది. మేమేమో ఏ బండినైనా గుంత మీద సమంగా నిలబెట్టి చూసేవాళ్లం. అక్కడ ఆ కడ్డీ ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది.

షెడ్డుకు వచ్చి ఎడమ చక్రాన్ని మాత్రమే జాకీ మీద లేపాను. కిందికి దిగి కడ్డీని టైరు విప్పే లివర్‌తో పక్కకు నెట్టాను. జరిగి, క్లాంపుకు తగిలి, టక్ మంది. కొన్ని నెలల కింద ఆ బండికి బుష్షులు మార్చింది మా షెడ్డులోనే. కంపెనీ బుష్షులు వరంగల్‌లో దొరికేవి కాదు. అందరిలాగే మేమూ పాత లారీ టైరు రబ్బరు కోసి వేసేవాళ్లం. ఒక బుష్షు వెడల్పు తక్కువైంది. పట్టు బిగుతుగానే ఉంది, అందుకే చేతికి ఏమీ తెలియదు. పక్కన మాత్రం ఖాళీ ఉండిపోయింది. ఆ బుష్షులు కోసింది ఉస్తాద్ స్వయంగా.

ఆయన వచ్చి చాయ్ తాగుతూ కూర్చున్నాడు. ఈ మాట నలుగురిలో చెప్పేది కాదు. పక్కన కూర్చుని, మెల్లగా చెప్పాను. "ఉస్తాద్, ఆ ఫియట్ల స్టెబిలైజర్ రాడ్డు పక్కకు జరుగుతాంది."

ఆయన రోడ్డు వైపు చూస్తూ చాయ్ తాగుతున్నాడు. కోపం వచ్చిందేమో, జవాబివ్వడం లేదనుకున్నాను. కొంచెం గొంతు పెంచి మళ్లీ చెప్పాను. అవతల మూల టింకరింగ్ చేసే ఆయన సుత్తి ఆపి, నా వైపు తిరిగి చూశాడు. ఉస్తాద్ తిరగలేదు.

పళ్లతో కరిచిన స్క్రూడ్రైవర్ గుర్తుకొచ్చింది. మాట్లాడేవాళ్ల పెదవుల వైపే చూడటం, అన్నిటికీ ఆఁ ఆఁ అనడం, వెనక నుంచి పిలిస్తే పలకకపోతే పెద్దమనిషి పరధ్యానమని మేం సరిపెట్టుకోవడం, అన్నీ వరసగా గుర్తుకొచ్చాయి. ఇంజన్ అదురు పళ్లకు అందుతుంది. కదిలే బండి మడ్‌గార్డు మీద కూర్చుంటే అందేదేమీ లేదు. నిన్న ఆయన ఆ మలుపులో అంత చప్పుడు మీద కూర్చుని ఏమీ వినకుండా తిరిగి వచ్చాడు. ఇప్పుడు ఈ సంగతి ఆయనకు గుట్టుగా చెప్పాలంటే నేను గొంతు చించుకుని అరవాలి. అరిస్తే గుట్టు ఎక్కడుంది?

చేయి పట్టుకుని గుంతలోకి తీసుకుపోయాను. ఆయన అరచేతిని కడ్డీ మీద పెట్టి, లివర్‌తో నెట్టాను. మళ్లీ ఇటు నెట్టాను. ఉస్తాద్ చేయి తీయలేదు. క్లాంపును తడిమాడు, బుష్షు అంచును గోటితో తడిమాడు, తాను కోసిన రబ్బరు తనకు తెలియదా. ఆ తర్వాత నా ముఖం వైపు తిరిగాడు.

"చప్పుడు గట్టిగనే వస్తాందా బేటా?"

తల ఊపాను.

"అందరికి ఇనవడుతాందా?"

మళ్లీ తల ఊపాను. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ తిరిగాయి. గుంతలో మేమిద్దరం, పైన బండి. ఆ కాసేపు అక్కడే ఉండిపోతే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

పైకి వచ్చి పెట్టెలో నుంచి కత్తి, లారీ టైరు ముక్క తీసి నా చేతిలో పెట్టాడు. కొత్త బుష్షు కోయమని. అంతవరకూ ఒక పక్కన నిలబడ్డ డ్రైవర్ అప్పుడు ముందుకు వచ్చాడు. ఉస్తాద్‌కు కనపడేలా ఎదురుగా నిలబడి, ఒక్కొక్క మాట నొక్కి చెప్పాడు.

"ఉస్తాద్, కాల్మొక్త, ఇయ్యాల చెయ్యకుండ్రి. గట్లనే ఇయ్యిండ్రి. కొత్తాయన చేతిల మోగనియ్యిండ్రి. నాలుగు దినాలు మోగితె సేటుకే తెలుస్తది, నా చేతిది కాదని."

ఎంత తెలివైన మాటో మీకు అర్థమవుతోందా? నాకు అప్పుడు సగమే అర్థమైంది. ఉస్తాద్‌కు మాట మొత్తం అందింది, దానికి ఆయన ముఖం ఎర్రబడింది.

"చప్పుడు తోని బండి నా షెడ్డుల్నుంచి పోదు. ఇన్నేండ్లల్ల పోలేదు. ఎరికుండి ఇస్తె నేను ఉస్తాద్‌నెట్లయిత?"

"నా నౌకరి పోతది ఉస్తాద్."

"ఎట్ల పోతది? నా మాట మీదనే గద తీసేసిండు. నా మాట మీదనే మల్ల పెట్టుకుంటడు. నేనే చెప్త, తప్పు నాదని చెప్త. ఫికర్ చెయ్యకు."

డ్రైవర్ నా వైపు చూశాడు. నాకు ఇద్దరి మాటా సరైనదిగానే కనిపించింది. తన మాటకు ఊళ్లో ఉన్న విలువ మీద ఉస్తాద్‌కు ఎంత నమ్మకమో, నాకూ అంతే నమ్మకం. కత్తి తీసుకుని బుష్షు కోయడం మొదలుపెట్టాను. క్లాంపు వెడల్పుకు కొలత పెట్టి, అంచులు సానరాయి మీద నున్నగా చేసి, మనసు పెట్టి చేశాను. బిగించేటప్పుడు కూడా బండి బరువు చక్రాల మీద ఉంచి బిగించాను, రబ్బరు మెలిపడకుండా. ఖిల్లా దర్వాజాలో తిప్పి చూస్తే చీమ చిటుక్కుమనలేదు. అంత మంచి పని నేను అప్పటిదాకా చేయలేదు.

మధ్యాహ్నం సేటు వచ్చాడు, వెంట కొత్త డ్రైవర్. పాత డ్రైవర్ షెడ్డు బయట రోడ్డు వారన నిలబడ్డాడు. ఉస్తాద్ చొక్కా గుండీలు సరిచేసుకుని సేటు ఎదురుగా వెళ్లాడు. షెడ్డంతా వినేలా, తన గొంతు ఎంత పెద్దదో తనకే తెలియకుండా చెప్పాడు.

"సేటు, నిన్న నేను చెప్పింది తప్పు. డ్రైవర్ది ఏం లేదు. బుష్షు నేనే కోసిన, తక్కువైంది, రాడ్డు పక్కకు కొట్టుకున్నది. చప్పుడు నేను వట్టలేదు. నాకు చెవులు ఇనవడ్తలేవు సేటు. శాన దినాల సంది."

సుత్తి ఆగిపోయింది. పానాలు ఆగిపోయాయి. ఒక మనిషి తన బతుకుదెరువును తానే నరుక్కుంటుంటే చూడటం అదే నాకు మొదటిసారి.

సేటు ఉస్తాద్ భుజం మీద చేయి వేసి నవ్వాడు. ఎగతాళిగా కాదు, ప్రేమగానే. "నీ దిల్ పెద్దది ఉస్తాద్. వాడు పొద్దుగాల వచ్చి కాళ్లు మొక్కిండు, నువ్వు కరిగినవ్. చెవులు ఇనవడకపోతె మొన్న నా ఇంజన్ల వాల్వు కొట్టుకుంటాందని ఎట్ల వట్టినవ్? నీ మొదటి మాటనే మాట. నువ్వు ఊకో."

నేను పాత బుష్షు తీసుకుని పరుగెత్తాను. "సేటు, నిజమే, జర చూడుండ్రి. ఇగో ఇది తక్కువున్నది. ఇప్పుడె మార్చినం."

సేటు దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూశాడు. ఆయనకు అది ఒక రబ్బరు ముక్క. నా చేతిలో పెట్టేసి, వేలు చొక్కాకు తుడుచుకోబోయి, తెల్ల చొక్కా కదా అని కొత్త డ్రైవర్ రుమాలు అడిగాడు.

ఉస్తాద్‌కు సేటు నవ్వడం కనిపించింది, మాటలు అందలేదు. పని అయిపోయిందనుకుని ఆయన కూడా కొంచెం నవ్వి, నా వైపు చూసి, "ఏమంటాండు?" అన్నాడు.

"సేటు నమ్ముతలేడు ఉస్తాద్," అన్నాను. అందలేదు. ఇంకా గట్టిగా అన్నాను. చివరికి అందరి మధ్యా అరిచాను. ఆ అరుపుతో షెడ్డులో ఉన్నవాళ్లకూ, రోడ్డు మీద నిలబడ్డ అతనికీ, అందరికీ ఉస్తాద్‌కు నిజంగానే వినపడదని తెలిసింది. తెలియాల్సిన సేటు మాత్రం అప్పటికే బండెక్కి కూర్చున్నాడు.

కొత్త డ్రైవర్ బండిని ఖిల్లా వైపు పోనిచ్చాడు. తిరిగి వచ్చి షెడ్డు ముందు ఆపితే సేటు కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"సూసినవా ఉస్తాద్? మనిషి మారంగనే చప్పుడు వోయింది. నువ్వు చెప్పింది చెప్పినట్టే ఉన్నది."

నేను తిరిగి చూసేసరికి రోడ్డు వారన ఎవరూ లేరు.

ఆ తర్వాత ఉస్తాద్ మళ్లీ మడ్‌గార్డు ఎక్కలేదు. కొన్నాళ్లు ఇంజన్ పనులు చూశాడు. సంగతి తెలిశాక షెడ్డులో ఎవరూ స్క్రూడ్రైవర్ కరవలేదు, ఆయన కూడా మా ముందు కరవడానికి సిగ్గుపడ్డాడు. మెల్లమెల్లగా రావడం తగ్గించి, చివరికి షెడ్డు నాకు అప్పజెప్పి ఇంట్లో కూర్చున్నాడు. నేను వెళ్లినప్పుడల్లా మొదట అడిగేది ఒకటే. ఆ పిలగాడు ఎక్కడున్నడు, ఏమన్న తెలిసిందా అని. తెలియదని చేత్తో సైగ చేసేవాణ్ణి. ఆయన పోయేదాకా ఆ సైగ మారలేదు.

సేటు బండి మాత్రం నా దగ్గరికే వచ్చేది. వచ్చినప్పుడల్లా కొత్త డ్రైవర్ పక్కన కూర్చుని ఖిల్లా దర్వాజాలో తిప్పించేవాణ్ణి. ఒక్కసారి టక్ మంటే చాలు, సేటు ఇంటికి పరుగెత్తి చెప్పేవాణ్ణి, చూడండి, ఇప్పుడు నడిపేది ఎవరు అని. ఒక్కసారీ టక్ మనలేదు. నేను చేసిన చాలా పనులు నెల తిరక్కుండా తిరిగి వచ్చి నా నెత్తిన పడ్డాయి. ఆ ఒక్క బుష్షు అరగలేదు, జరగలేదు. బండి చప్పుడు లేకుండా ఉన్న ప్రతి రోజూ ఆ డ్రైవర్ మీద పడ్డ మాటను ఇంకొంచెం నిజం చేస్తూ పోయింది. చివరికి సేటు ఆ బండిని అమ్మేశాడు. కొన్నవాడికి కూడా గొప్పగా చెప్పాడట, మంచి డ్రైవర్ చేతిలో నడిచిన బండి అని.

చాలా ఏళ్లకు, ఒక పని మీద వెళ్లి తిరిగి వస్తూ డోర్నకల్ స్టేషన్‌లో రైలు కోసం కూర్చుని ఉంటే ఎవరో వచ్చి నా ముందు నిలబడ్డాడు. జుట్టు సగం నెరిసింది. కళ్లను బట్టి గుర్తుపట్టాను. బొంబాయి దగ్గర భీవండిలో పవర్‌లూమ్‌ల మీద పని చేస్తున్నాడట, అత్తగారి ఊరికి వచ్చి పోతున్నాడు. పక్కన కూర్చున్నాడు. ఉస్తాద్ పోయిన సంగతి చెబితే చేతులు జోడించాడు. ఆయన మీద కోపం ఉన్నట్టు లేదు. ఇన్నాళ్లూ దాచుకున్నట్టుగా అడిగాడు.

"ఆ బండి మల్ల ఎన్నడన్న మోగిందా అన్నా?"

అతని ముఖం చూడలేకపోయాను. మోగిందని చెబితే ఏం పోతుంది అనుకున్నాను. సేటుకు తెలిసిందని, నీ తప్పు లేదని ఒప్పుకున్నాడని, అన్నీ చెప్పేద్దామనుకున్నాను.

"మోగింది," అన్నాను మెల్లగా.

అతను చెవి వెనక చేయి పెట్టుకుని నా మీదికి వంగాడు. "జర గట్టిగ చెప్పు అన్నా. మిషిన్ల నడుమ ఉండి ఉండి ఇనవడ్తలేదు."

ప్లాట్‌ఫారం నిండా మనుషులు. నోరు తెరిచాను. మెల్లగా వచ్చిన ఆ అబద్ధం గట్టిగా రాలేదు. లేదని తల అడ్డంగా ఊపాను.

అతను నా చేతుల వైపు చూశాడు. తర్వాత నా మోకాలి మీద తట్టి, "బుష్షు మంచిగ కోసినవ్ అన్నా," అన్నాడు. మెచ్చుకుంటూనే అన్నాడు.